మేడ్చల్, శామీర్‌పేట ఇంటితోటలు

హైదరాబాద్ ఉత్తర శివారులో నాగ్‌పూర్ దారి మీద మేడ్చల్, కరీంనగర్ దారి మీద శామీర్‌పేట ఉన్నాయి. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లాను విడదీసి ఏర్పరచిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి ఇవి రెండూ వచ్చాయి. ఒకప్పుడు ద్రాక్షపందిళ్ళు, ఆకుకూరల మళ్ళు, జొన్నచేలు ఉన్న ఈ పల్లెల్లో ఇప్పుడు విల్లాల వరుసలు, గుంటల లెక్కన అమ్మిన ఫామ్‌ప్లాట్లు, వారాంతపు విడిది ఇళ్ళు, రిసార్టులు, విద్యాసంస్థల ప్రాంగణాలు నిండాయి. వీటన్నింటికీ తోట కావాలి. రెండువందల గజాల ఇంటి ముందు నాలుగు కుండీల దగ్గర నుంచి ఎకరాల పచ్చిక దాకా ఈ తోటల పెంపకమే ఈ వ్యాస విషయం.

ఇక్కడ తోట అనగానే చాలామంది మనసులో మెదిలేది కోస్తా బొమ్మ: గేటుకు అటూ ఇటూ పామ్ చెట్లు, ప్రహరీ వెంట కొబ్బరి, మధ్యలో తడి ఆరని పచ్చిక, రంగురంగుల క్రోటన్లు. మొక్కలు వచ్చేదీ చాలావరకు గోదావరి తీరం నుంచే. అయితే బంగాళాఖాతం ఇక్కడికి సుమారు మూడువందల కిలోమీటర్ల దూరం. ఈ ప్రాంతం సముద్రమట్టానికి 550 నుంచి 600 మీటర్ల ఎత్తున, గ్రానైటు బండ మీద ఉంది. ఈ ప్రాంతపు తోటపనిలో పడే శ్రమ, అయ్యే ఖర్చు, ఎదురయ్యే నష్టం చాలామటుకు ఈ తేడా నుంచే పుట్టాయి.

నేల

దక్కన్ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అది పొరలు పొరలుగా శిథిలమై మొరంగా, మొరం మెత్తబడి ఎర్రమట్టిగా మారింది. ఈ ఎర్ర నేలలనే ఇక్కడి రైతులు చెల్కలు అంటారు. ఇసుక పాలు ఎక్కువ. నీరు పోస్తే చప్పున ఇంకిపోతుంది, ఎండితే గట్టిపడుతుంది. సేంద్రియ పదార్థం తక్కువ, నత్రజని ఇంకా తక్కువ. పల్లపు చోట్ల, చెరువుల కింద మాత్రం నల్లరేగడి, ఒండ్రు కనిపిస్తాయి. రెండు ప్లాట్ల మధ్యనే నేల మారిపోవడం ఈ ప్రాంతంలో మామూలే. ఒక ఇంట్లో మూడడుగుల లోతున గడ్డపార దిగుతుంది, పక్క ఇంట్లో అడుగు లోపే బండ తగులుతుంది. బోర్లు వేసేవాళ్ళు, బిల్డర్లు దీన్ని షీట్ రాక్ అంటారు.

లేఅవుట్ వేసేటప్పుడు నేలకు జరిగే హాని వేరు. చదును చేసే యంత్రం మొదట గోకి పారేసేది పైమట్టినే. తరతరాల పశువుల ఎరువు, ఆకు అలములు కుళ్ళి తయారైన ఆ జానెడు పొరే పంటకు ప్రాణం. దాని బదులు మొరం, సిమెంటు ముక్కలు, ఇటుక పొడి నింపి, పైన రెండంగుళాల ఎర్రమట్టి పరచి ఇంటిని అప్పగిస్తారు. గృహప్రవేశం నాడు నాటిన మొక్కలు మొదటి వానాకాలం బాగానే ఉంటాయి. వేర్లు కింది సున్నపు చెత్తను తాకాక ఆకులు పాలిపోతాయి.

అందుకే ఇక్కడ గుంత తీయడమే సగం తోటపని. చెట్లకు మూడడుగుల పొడవు, వెడల్పు, లోతున గుంత తీసి ఎండాకాలమంతా ఆరనిస్తారు. నాటేముందు గుంత నిండా నీళ్ళు పోసి మరునాడు పొద్దున చూడాలి. నీరు నిలిచి ఉంటే అడుగున బండ ఉన్నట్టు. అక్కడ మామిడి వేరు కుళ్ళి చస్తుంది. చోటు మార్చడమో, ఎత్తుగా దిబ్బ కట్టి నాటడమో చేయాలి. నీరు ఇంకిపోతే తవ్వి తీసిన మట్టిలో మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి పూడుస్తారు. వేపపిండి ఎరువుగానే కాదు, చెదలకు అడ్డుగా కూడా పనికొస్తుంది. ఎర్ర నేలలో చెదలు తినని లేతవేరు ఉండదు.

నేలను బాగుచేయడానికి పాత ఉపాయం చెరువు పూడిక. ఎండిన చెరువు అడుగు నుంచి తీసిన నల్లటి మట్టిని చేలకు తోలుకోవడం తెలంగాణలో తరతరాల అలవాటు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన పూడికను రైతులు ఇలాగే తీసుకుపోయారు. ఇసుక చెల్కలో పూడిక కలిస్తే తేమ నిలుస్తుంది. కానీ నగరపు మురుగు చేరే చెరువు మట్టిని ఇంటితోటలో, ముఖ్యంగా ఆకుకూరల మడిలో వేయకపోవడమే మంచిది. కలగాపులగపు మునిసిపల్ చెత్త నుంచి తయారైన కంపోస్టుకూ ఇదే మాట. గాజుపెంకులు, బ్యాటరీల విషాలు అందులో ఉండవని ఎవరూ హామీ ఇవ్వలేరు. హైదరాబాద్ చెత్తంతా చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు ఈ జిల్లాలోనే ఉంది. దాని చుట్టుపక్కల భూగర్భజలం చెడిపోయిన సంగతి అక్కడి వారందరికీ అనుభవమే.

ఈ జిల్లా మట్టి పేరు దేశమంతా వినిపించింది కూడా. అల్వాల్‌కు చెందిన ద్రాక్ష రైతు చింతల వెంకటరెడ్డికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పైమట్టి ఒక్కటే సారమైనదన్న నమ్మకాన్ని ఆయన ప్రశ్నించారు. లోతు నుంచి తవ్వి తీసిన మట్టిని ఆరబెట్టి పైన ఎరువుగా వాడటం, మట్టి కలిపిన నీటిని పురుగుల మీద పిచికారీ చేయడం ఆయన పద్ధతి. అల్వాల్‌లోనూ కీసర మండలంలోనూ ఉన్న తన పొలాల్లో దాన్ని పాటించి చూపారు. పెద్ద పొలానికి చెప్పిన ఈ మాటను కుండీల వాళ్ళూ అందుకున్నారు. అయితే బిల్డరు నింపిన చెత్త కింద నుంచి తీసే మట్టికి ఇది వర్తించదన్నది గమనించాలి.

నీరు

సగటున ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మిగతా ఎనిమిది నెలలు తోట బోరు మీదనో ట్యాంకరు మీదనో బతకాలి. బోరునీరు గ్రానైటు పగుళ్ళలో నిలిచిన నీరు కాబట్టి కఠినజలం. కుండీ అంచుల మీద తెల్లగా పేరుకునే పొర, డ్రిప్పు గొట్టాల రంధ్రాలు మూసుకుపోవడం, మందారం, మల్లె, గులాబీ లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాది పసుపెక్కడం దాని గుర్తులు. ఈ పసుపును చూసి యూరియా వేసేవాళ్ళు చాలామంది. నేలలో ఇనుము ఉన్నా, సున్నం ఎక్కువై మొక్కకు అందకపోవడమే అసలు కారణం. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుమూడుసార్లు ఆకుల మీద చల్లితే రంగు తిరుగుతుంది.

గేటెడ్ కమ్యూనిటీల్లో తోటలకు శుద్ధి చేసిన మురుగునీరు వాడతారు. బోరునీటి భారం తగ్గుతుంది కనుక మంచి పనే. కానీ అందులో ఉప్పు పాలు ఎక్కువ. ఏడాదికొకసారైనా గట్టి వాన పడి ఆ ఉప్పు కిందికి కొట్టుకుపోవాలి. మొరం నేలలో ఇది సులువుగానే జరుగుతుంది, కుండీల్లో జరగదు. కూరగాయలకు, ఆకుకూరలకు ఈ నీరు వాడరాదు.

వాననీటి లెక్క చిన్నదే. వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదిలో 80 వేల లీటర్ల వాన పడుతుంది. ఆవిరైంది, పారిపోయింది తీసేసినా 60 వేల లీటర్లకు పైగా మిగులుతుంది. అంతే వైశాల్యం ఉన్న పచ్చిక మే నెలలో రోజుకు ఆరు మిల్లీమీటర్ల నీరు తాగుతుందనుకుంటే రోజుకు 600 లీటర్లు కావాలి. అంటే ఇంటి మిద్దె ఏడాదంతా పట్టిన వానను ఇంటి ముందు గడ్డి సుమారు మూడున్నర నెలల్లో తాగేస్తుంది. పచ్చిక ఎంత పెట్టాలో తేల్చుకోవడానికి ఇంతకంటే వేరే లెక్క అక్కర్లేదు.

తోటల వెనుకటి కథ

ఈ దిక్కున బంగళా తోటలు కొత్తవి కావు. శామీర్‌పేట దారిలో అల్వాల్‌కు పక్కన ఉన్న బొల్లారం ఒకప్పటి హైదరాబాద్ కంటింజెంట్ సేనల స్థావరం. విశాలమైన ఆవరణలు, నిద్రగన్నేరు నీడలు, కుండీల వరుసలు, గులాబీ మళ్ళు కంటోన్మెంట్ బంగళాల అలవాటు. వాటిలో ఇప్పటికీ నిలిచి ఉన్న పెద్ద తోట రాష్ట్రపతి నిలయానిది. 1860లో కట్టిన ఆ భవనం చుట్టూ సుమారు 90 ఎకరాల ఆవరణ ఉంది. ఔషధ మొక్కల వనం, నక్షత్రవనం, పండ్లతోటలు అందులో భాగం. 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా ప్రజలు చూడవచ్చు. ఉత్తర శివారులో ఏ చెట్టు ఎంత పెరుగుతుందో, వందేళ్ళకు ఎంత చోటు ఆక్రమిస్తుందో తెలుసుకోవాలనుకునేవారు నర్సరీకి పోయేముందు ఒకసారి అక్కడికి పోయి రావడం మేలు.

రెండో పరంపర ద్రాక్షది. అనాబ్‌-ఎ-షాహీ, ఆ తరువాత థాంప్సన్ సీడ్‌లెస్ పందిళ్ళకు మేడ్చల్, శామీర్‌పేట, కీసర పల్లెలు పేరుపడ్డాయి. రాతి కడీలు పాతి ఇనుప తీగలు లాగిన ఆ పందిళ్ళ కింద నీటి పొదుపు, కత్తిరింపు, మందుల పిచికారీ నేర్చిన కూలీల పనితనం తరువాత పండ్లతోటలకూ ఫామ్‌హౌస్‌లకూ పనికొచ్చింది. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 1999లో తుర్కపల్లి వైపు మొదలైన జీనోమ్ వ్యాలీ, 2008లో వచ్చిన బిట్స్ పిలానీ ప్రాంగణం, 2018లో కండ్లకోయ కూడలితో పూర్తయిన 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు భూమి ధరను పందిరికి అందనంత ఎత్తుకు తీసుకుపోయాయి. ద్రాక్షతోటలు ప్లాట్లయ్యాయి. పాత రాతి కడీలు కొన్ని ఫామ్‌హౌస్‌ల కంచెల్లో ఇంకా దర్శనమిస్తాయి.

కడియం లారీ

మేడ్చల్, శామీర్‌పేట దారుల పక్కన నర్సరీల్లో కనిపించే మొక్కల్లో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నుంచి రాత్రి లారీల్లో వస్తాయి. దేశంలోనే పేరున్న నర్సరీ కేంద్రం అది. గోదావరి ఒండ్రు, కాలువ నీరు, తేమగాలి, తరతరాల అంట్ల నైపుణ్యం కలిసి అక్కడ మొక్కను తక్కువ కాలంలో నిగనిగలాడేలా పెంచుతాయి. చిక్కు అది ఇక్కడ దిగిన తరువాతే మొదలవుతుంది.

కడియం మొక్క వేరు చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే ఇసుక చెల్కలో పెడితే రెండు మట్టులూ కలవవు. పోసిన నీరు చుట్టూ ఉన్న ఎర్రమట్టిలోకి జారిపోతుంది, ముద్ద మాత్రం లోపల ఎండి ఇటుకలా బిగుసుకుంటుంది. పైన తడి కనిపిస్తున్నా మొక్క దాహంతో చస్తుంది. ఇంటి యజమాని నీరు చాలలేదనుకొని ఇంకా పోస్తాడు, నర్సరీవాడు ఎండదెబ్బ అంటాడు. అనుభవమున్న మాలి చేసే పని ఇది: ముద్దను బుడగలు ఆగేదాకా నీళ్ళలో నానబెడతాడు, పుల్లతో పై మట్టిని మెల్లగా రాల్చి వేళ్ళ కొసలు బయటపడేలా చేస్తాడు, చుట్టలు తిరిగిన వేళ్ళను కత్తిరిస్తాడు, గుంతలో వేసే మట్టిలో కొంచెం నల్లమట్టి కలుపుతాడు. తెచ్చిన రోజే నాటడు. రెండు వారాలు నీడలో ఉంచి ఇక్కడి పొడిగాలికి అలవాటు చేస్తాడు.

కొన్ని మొక్కలు ఎంత చేసినా ఇక్కడ సుఖపడవు. కొబ్బరి బతుకుతుంది గాని వేసవి వడగాలికి పిందె రాలుస్తుంది. కుండీల్లో అందంగా కనిపించే అరెకా పామ్ ఆకు కొసలు కఠినజలానికి, పొడిగాలికి మాడిపోతాయి. నీడ ఇస్తే కొంత నయం. రాయల్ పామ్ వరుసలు ప్రవేశద్వారాల వద్ద గంభీరంగానే ఉంటాయి, కానీ వాటికి పోసే నీటిని ఎవరూ లెక్కపెట్టరు. బండ నేలకు ఏ జంకూ లేకుండా పెరిగేవి వేరే ఉన్నాయి: దేవగన్నేరు, గన్నేరు, కాగితంపూలు, నందివర్ధనం, కలబంద, నాగజెముడు జాతులు. కాగితంపూల తీగకు నీరు తగ్గిస్తేనే పూస్తుంది. రోజూ తడిపి, ఆకు తప్ప పువ్వు లేదని బాధపడే ఇళ్ళు ఈ కాలనీల్లో వీధికి రెండైనా ఉంటాయి.

తంగేడు ఈ నేల సొంత పువ్వు; తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఎర్ర మొరం మీద నీరు పోసేవాళ్ళు లేకుండానే పొదగా పెరిగి పసుపుపచ్చగా పూస్తుంది. గునుగు వానాకాలపు చెల్కలో కలుపులా మొలుస్తుంది. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఈ రెండింటినీ బజారులో కొని తెచ్చే ఇళ్ళలో, ప్రహరీ వెంట డురాంటా, ఫైకస్ కంచెలు నెలకోసారి కత్తెర వేయించుకుంటూ ఉంటాయి. తంగేడును నర్సరీల్లో అడిగితే దొరకడం కష్టం. మూలవేరు లోతుగా పోయే మొక్క కాబట్టి విత్తనాన్ని కాస్త గరుకు కాగితం మీద రుద్ది, నానబెట్టి, నేరుగా నేలలో వేయడమే మంచి పద్ధతి.

పచ్చిక

పెద్ద ఆవరణల్లో మాలీల రోజులో సగం పచ్చికకే పోతుంది. ఇక్కడ ఎక్కువగా పరిచేవి మూడు రకాలు: బెర్ముడా పేరుతో అమ్మే మెరుగుపరచిన గరిక, నర్సరీ భాషలో మెక్సికన్ గడ్డి, దిండులా ఉబ్బే సన్నాకు కొరియన్ గడ్డి. గరికకు పూర్తి ఎండ కావాలి, తొక్కుడు తట్టుకుంటుంది, ఎండినా వానకు మళ్ళీ లేస్తుంది. మెక్సికన్ గడ్డి అందంగా ఉంటుంది, నీరు ఎక్కువ అడుగుతుంది. కొరియన్ గడ్డి నెమ్మదిగా పెరుగుతుంది కనుక కోత తక్కువ. పిల్లలు ఆడుకునే చోటికి పనికిరాదు. చెట్టు నీడలో ఈ మూడింటిలో ఏదీ సరిగా నిలవదు. ప్రతి ఏడూ అదే నీడలో మళ్ళీ మళ్ళీ గడ్డి చాపలు పరిపించే సంఘాలకు నిపుణుల సలహా ఒక్కటే, అక్కడ గులకరాళ్ళో నీడ మొక్కలో వేసుకోమని.

పచ్చికకు పెద్ద శత్రువు తుంగ. పైన పీకితే కింద గడ్డ నుంచి మళ్ళీ వస్తుంది. చాలాసార్లు అది బయటినుంచి తెచ్చిన ఎర్రమట్టితోనే వస్తుంది కాబట్టి, మట్టి పరిచాక గడ్డి వేసేముందు నీరు పెట్టి తుంగను మొలవనిచ్చి, గడ్డలతో సహా తవ్వి తీసేయడం, ఇలా రెండుసార్లు చేయడం ఉత్తమం. ఎవరికీ అంత ఓపిక ఉండదు. తొలకరి వానల తరువాత వేరుపురుగు గడ్డి వేర్లను తింటుంది. చేత్తో లాగితే గడ్డి చాపలా పైకి లేస్తే అదేనని అర్థం. వేసవిలో కోత ఎత్తు పెంచాలి. గడ్డిని పొట్టిగా గీసేస్తే వేరు ఎండకు మాడుతుంది.

చెట్లు

నీడనిచ్చే చెట్టు ఈ ప్రాంతంలో విలాసం కాదు. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పడమటి గోడకు ఎండ తగలకుండా ఒక చెట్టు ఉంటే ఇంట్లో తేడా తెలుస్తుంది. వేప, కానుగ, నేరేడు, ఉసిరి, సీతాఫలం ఇక్కడి మొరానికి బాగా అలవాటుపడినవి. సీతాఫలమైతే గుట్టల మీద తనంత తానే మొలుస్తుంది. చిన్న ప్లాటుకు జామ, దానిమ్మ, నిమ్మ, కరివేపాకు, మునగ చాలు. మామిడికి కనీసం ఇరవై అడుగుల చోటు వదలాలి. తురాయి పువ్వు కనువిందే గాని ఈదురుగాలికి కొమ్మ విరుగుతుంది, కారు నిలిపే చోట వద్దు. రావి, మర్రి ఊరికి కావాలి, ప్రహరీకి కాదు.

కోనోకార్పస్ ఉదంతం వేరే చెప్పాలి. మడ అడవుల అంచున, సముద్రపు ఉప్పుగాలిలో పెరిగే జాతి ఇది. ఏ నేలలోనైనా ఎదిగి ఏడాదిలో పచ్చటి గోడ కడుతుందని రోడ్ల మధ్య, కాలనీల చుట్టూ విపరీతంగా నాటారు. పశువులు ముట్టవు, పిట్టలకు ఆహారం లేదు, వేర్లు పైపులైన్ల వైపు పోతాయి, పుప్పొడితో శ్వాసకోశ బాధలు వస్తాయన్న ఆరోపణలు ఉన్నాయి. చివరికి 2022లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని నాటడాన్ని ఆపించింది. పుప్పొడి మాటలో ఎంత నిజమో తేల్చే పని వైద్యులది. ఒకే మొక్కతో ఊరంతా నింపడం తప్పని తెలుసుకోవడానికి మాత్రం వైద్యులు అక్కర్లేదు.

సొంత చెట్టుకూ కష్టాలు తప్పలేదు. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీదోమ అందుకు కారణమని శాస్త్రవేత్తలు గుర్తించారు. జనం చెట్టు చచ్చిందనుకొని కొట్టేయబోయారు. కాని చాలా చెట్లు మరుసటి చిగురుకు తేరుకున్నాయి. చిన్నచెట్టయితే ఎండిన కొమ్మను పచ్చిభాగం దాకా కోసి శిలీంధ్రనాశని పూయవచ్చు, పెద్ద చెట్టును దాని మానాన వదిలేయడమే సరి.

పెరడు, మిద్దె

పెరటి కూరగాయలకు పంచాంగపు కార్తెలే ఇప్పటికీ మంచి కొలత. మే చివర వచ్చే రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు. ఆ పదిహేను రోజులు కొత్త మొక్క నాటరాదు, ఉన్నవాటికి యాభై శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టాలి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశించాక ఒక మంచి వాన పడితే బీర, సొర, కాకర, చిక్కుడు గింజలు పెడతారు. అక్టోబరు, నవంబరులో టమాట, వంగ, కాలీఫ్లవర్, ముల్లంగి, మెంతి, కొత్తిమీర. కోస్తా మీద ఈ పీఠభూమికి ఉన్న గెలుపు ఇక్కడే కనిపిస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి ఒక్కోసారి పది డిగ్రీల కిందికి దిగుతుంది. గాలిలో తేమ తక్కువ. గులాబీ, చామంతి, కాలీఫ్లవర్, క్యారట్ ఆ చలికి బ్రహ్మాండంగా వస్తాయి. గులాబీలను వర్షాకాలం వెళ్ళగానే, అక్టోబరులో కత్తిరిస్తే ఆరేడు వారాల్లో పూత మొదలవుతుంది. పుంటికూర, బచ్చలి, తోటకూరలకు ఏ కాలమైనా ఒకటే.

నేల లేని ఇళ్ళకు మిద్దెతోట దారి చూపింది. ఆ మాటనూ ఆ పద్ధతినీ తెలుగునాట జనంలోకి తీసుకుపోయిన వారిలో ముఖ్యులు కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి. ఇదే జిల్లాలోని నారపల్లిలో తన ఇంటి మీద ఇటుకల మళ్ళు కట్టి, ఏళ్ళ తరబడి కూరగాయలు, పండ్లు పండించి, ఆ అనుభవాన్ని మిద్దెతోట పేరుతో పుస్తకంగా రాశారు. దినపత్రికల్లో ఇంటిపంట శీర్షికలు, వాట్సాప్ బృందాల్లో విత్తనాల పంపకాలు ఆ తరువాత ఊపందుకున్నాయి.

మిద్దెతోటలో మొక్క కంటే ముందు చూడవలసింది బరువు. తడిసిన మట్టి అడుగు మందాన చదరపు మీటరుకు సుమారు ఐదువందల కిలోలు తూగుతుంది. మామూలు ఇళ్ళ మిద్దెను మనుషులు తిరగడానికి లెక్కగట్టే బరువు భారతీయ ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు నూట యాభై కిలోల దగ్గరే. అందుకే మళ్ళను గోడలు, దూలాల మీదుగా మాత్రమే అమర్చాలి, నడిమి భాగంలో తేలికైన కుండీలు పెట్టాలి. మట్టి పాలు తగ్గించి కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలపాలి. ఉత్త ఎర్రమట్టి కుండీలో బిగుసుకుపోతుంది కూడా. ఇంజినీరును అడగకుండా మిద్దె మీద మామిడి నాటేవారి ధైర్యం మెచ్చుకోదగింది కాదు.

చీడపీడలు, కోతులు

మొక్కతో పాటు పురుగూ ప్రయాణం చేస్తుంది. మధ్య అమెరికా నుంచి వచ్చిన సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో పొల్లాచ్చి వైపు కనిపించింది. అదే ఏడాది చివరికి కడియం నర్సరీలకు చేరింది. కొబ్బరి, అరటి, జామ, పామ్ ఆకుల అడుగున తెల్లటి వలయాలు, వాటి కింద ఆకుల మీద జిగురు, ఆ జిగురు మీద మసిలాంటి బూజు దాని ఆనవాళ్ళు. ఘాటైన మందులు కొడితే దాన్ని తినే పరాన్నజీవులు ముందు చస్తాయి. నీటిని బలంగా కొట్టడం, వేపనూనె, ముదురు ఆకులు తీసేయడం ఇంటికి చాలు. కొత్త మొక్కను తోటలో కలిపేముందు రెండు వారాలు విడిగా ఉంచి ఆకు అడుగు చూసుకోవాలి.

మందారం, జామలకు పిండినల్లి, వేసవి గులాబీలకు ఎర్రనల్లి మామూలు బాధలు. రెండింటికీ పొడిగాలి, దుమ్ము తోడ్పడతాయి. ఆకులను అప్పుడప్పుడు కడగడమే మొదటి మందు. ఖాళీ ప్లాట్లలో మనిషెత్తు పెరిగే వయ్యారిభామను పూతకు రాకముందే చేతికి తొడుగు వేసుకొని పీకాలి.

కోతుల సంగతి శాస్త్రానికి అందదు. అడవి పోయి, గుట్టల మీద పండు పోయి, శామీర్‌పేట వైపు కాలనీల్లో గుంపులుగా తిరుగుతున్నాయి. జామ పిందె దశలోనే తెంపి పారేస్తాయి, సొరపాదును పీకి ఆడుకుంటాయి. సోలార్ కంచె వేసినవారు కొందరు, వలతో మొత్తం మిద్దెను పంజరంలా మూసినవారు ఇంకొందరు. ఏదీ వద్దనుకున్నవారు పసుపు, అల్లం, కాకర, మిరప లాంటి వాటిని వేసి ఊరుకుంటారు. పాము కనిపిస్తే చంపకుండా ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారిని పిలవడం హైదరాబాద్‌లో అలవాటైంది. పచ్చికలో ఎలుకలను తినే జెర్రిగొడ్డును విషపామనుకొని కొట్టేవారు ఇప్పుడు తగ్గారు.

సంస్థలు, చట్టం

సలహాకు దూరం పోనక్కర్లేదు. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీదనే, సిద్దిపేట జిల్లా ములుగులో శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల ఉన్నాయి. జీడిమెట్లలో ఉద్యానశాఖ వారి సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ కూరగాయల నారు పెంచుతుంది. దూలపల్లిలో అటవీ అకాడమీ, కేంద్ర అటవీ పరిశోధన మండలి వారి జీవవైవిధ్య సంస్థ పనిచేస్తున్నాయి. కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో అటవీశాఖ పెంచిన మొక్కలను చూస్తే, నీరు పోయకుండా ఇక్కడ ఏవి నిలుస్తాయో కొంత తెలుస్తుంది.

2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టం, వాడుకలో వాల్టా, ఇప్పటికీ తెలంగాణలో అమల్లో ఉంది. దాని ప్రకారం సొంత ఆవరణలోని చెట్టునైనా అటవీశాఖ అనుమతి లేకుండా కొట్టరాదు. కొత్త బోరు వేయడానికీ వాననీటి గుంతకూ నిబంధనలు ఉన్నాయి. ఇల్లు పెంచుకునేటప్పుడు చెట్టు అడ్డమైతే వేళ్ళతో తవ్వి వేరే చోట నాటించే పద్ధతి నగరంలో కొన్నేళ్ళుగా సాగుతోంది. రావి, మర్రి, జువ్వి జాతులు, పామ్‌లు ఈ మార్పిడిని బాగా తట్టుకుంటాయి. మూలవేరు లోతుగా దిగిన ముదురు మామిడి, నేరేడు అంతగా తట్టుకోవు. కొమ్మలు చాలావరకు తగ్గించి, వేరుముద్దను గోనెతో బిగించి, వానలు మొదలయ్యాక తరలిస్తారు. తరువాత రెండు వేసవులు దానికి నీరు పోయవలసిన బాధ్యత ఎవరిదో తరలించేముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.